మొద్దుపై పసుపు ముద్ద.. నమూనా ఉంటేనే లెక్క

తొలకరి వానలకు తడిసిన మొద్దులు, ఎండుటాకులపై పసుపు రంగు నురగ వంటి ముద్దలు కనిపిస్తుంటాయి. బూజు అనుకొని చాలామంది పట్టించుకోరు. నిజానికి ఇవి శిలీంధ్రాలు కావు. అమీబాలకు దగ్గరి బంధువులైన జిగురు బూజులు. స్లైమ్ మోల్డ్‌లు అనీ అంటారు. బ్యాక్టీరియాను తింటూ మెల్లగా పాకుతాయి. ఆపై సిద్ధబీజాలు నిండిన తిత్తులుగా మారి, కొద్ది రోజుల్లోనే పొడిగా రాలిపోతాయి. ప్రపంచంలో సుమారు వెయ్యి జాతులను గుర్తించారు.

గుర్తింపు ఇలా..

పాకే దశలో జాతిని నిర్ధారించడం కష్టం. తిత్తులు ఏర్పడిన తరువాత బెరడుతో సహా సేకరించి, ఆరబెట్టి, చిన్న పెట్టెలో అతికిస్తారు. ప్రదేశం, తేదీ, చెట్టు పేరు నమోదు చేస్తారు. తిత్తి ఆకారాన్ని, లోపలి పోగులను, సిద్ధబీజాల రంగును, పరిమాణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. పూర్వపు జాబితాలతో పోలుస్తారు. భారతదేశ జాతులపై 1977లో వెలువడిన కె.ఎస్.థిండ్ గ్రంథం అటువంటిదే. ఎక్కడా నమోదు కానిదైతే ఆ ప్రాంతానికి కొత్తదిగా పరిశోధన పత్రికలో ప్రకటిస్తారు. నమూనాను హెర్బేరియంలో భద్రపరుస్తారు. ఛాయాచిత్రం ఒక్కటే చాలదు.

పెరటి చెట్టుపైనే..

ఇందుకు దట్టమైన అడవులకే వెళ్లనక్కరలేదు. జపాన్‌లోని తనబేలో మినకత కుమగుసు 1917లో తన పెరటి చెట్టుపైనే ఒక జిగురు బూజును కనుగొన్నారు. అది మన తునికి ప్రజాతికే చెందిన పర్సిమన్ చెట్టు. నమూనాను ఇంగ్లండ్‌లోని గులీల్మా లిస్టర్‌కు పంపగా, ఆమె 1921లో దానిని కొత్త ప్రజాతిగా నిర్ధారించి ‘మినకటెల్లా’ అని నామకరణం చేశారు. ఆయన దాచి పంపకపోయి ఉంటే అదీ పొడిగా రాలిపోయేదే. మొద్దు తొలగిస్తే దానిపై ఏముండేదో చెప్పగలిగేది దాచిన నమూనా, రాసిన చీటీ మాత్రమే.