ఎల్‌.డిస్‌. అయిన సాక్ష్యం

2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి దస్త్రాలు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. భూముల కాగితాలు కాలితే లాభం ఎవరికన్న ప్రశ్న తలెత్తింది, విచారణకు ఆదేశాలు వెలువడ్డాయి. ఆ అలజడి సముచితమే. అయితే రెవెన్యూ కార్యాలయాల రికార్డు గదుల్లో ఉద్యోగ జీవితం గడిపిన వాడిగా నేను మరొక నష్టాన్ని గురించి చెప్పదలిచాను. నిప్పుతో పని లేకుండా, నిబంధనల ప్రకారమే, అధికారి సంతకంతోనే నశించే సాక్ష్యం ఒకటుంది. అందులో దళితవాడల వాటా ఎంతో ఇంతవరకు ఎవరూ లెక్క తీయలేదు.

ఆంధ్ర జిల్లాల కార్యాలయాలకు మద్రాసు రాజధాని కాలం నుంచి సంక్రమించిన దస్త్రాల పద్ధతిలో, పని ముగిసిన ప్రతి కాగితానికీ ఒక అక్షరం తగిలిస్తారు. ఆర్‌.డిస్‌. అంటే శాశ్వతంగా భద్రపరచవలసినది. డి.డిస్‌. అంటే పదేళ్లు ఉంచవలసినది. ఎల్‌.డిస్‌. అంటే ఏడాది గడిస్తే ధ్వంసం చేయదగినది. ఏ అక్షరం వేయాలో గుమాస్తా ప్రతిపాదిస్తాడు, అధికారి ఆమోదిస్తాడు. చూడడానికిది నిర్జీవమైన కార్యాలయ లాంఛనం. నిజానికి ఏ మనిషి మొర ఎంతకాలం బతకాలో తేల్చే తీర్పు ఇదే.

ఒక మాదిగ కుటుంబం తమ డి-ఫారం పట్టా భూమిని పక్క కమతందారు కలుపుకుంటున్నాడని అర్జీ పెడుతుంది. అది రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు వెళుతుంది. ‘విచారించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో తిరిగి వస్తుంది. దస్త్రం ముగుస్తుంది, ఎల్‌.డిస్‌. పడుతుంది. పదిహేనేళ్లకు ఆ కుటుంబపు మనవడు హక్కు అడిగితే, ఇన్నాళ్లు ఎందుకు ఊరకున్నారని అధికారి ప్రశ్నిస్తాడు. వారు ఊరకోలేదు. వారి మాట రికార్డులో మిగలలేదు, అంతే. ఆక్రమించినవాడి చేతిలో మాత్రం అడంగల్ నకళ్లు, శిస్తు రశీదులు భద్రంగా ఉంటాయి. శ్మశానానికి దారి అడిగిన అర్జీలు, ఇళ్ల స్థలాల వినతులు ఇలాగే ముగియడం ఎన్నోసార్లు చూశాను.

ఇది గుమాస్తాల నిర్లక్ష్యంతో పుట్టిన జబ్బు కాదు. మన పల్లెల్లో రికార్డు ఎన్నడూ నిష్పక్షపాతంగా లేదు. ఊరి లెక్కలు కరణం ఇంట్లోనే ఉండేవి. దళితుడు తన భూమి వివరం తెలుసుకోవాలన్నా ఆ అరుగు కింద నిలబడవలసిందే. గ్రామోద్యోగాన్ని వంశపారంపర్యంగా కట్టబెట్టడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. లెక్కల పుస్తకాలు కరణం ఇంటి నుంచి కార్యాలయానికి చేరాయి. ఏది దాచదగిన కాగితం, ఏది పారేయదగిన కాగితం అన్న దృష్టి మాత్రం మారలేదు. భూమి ఉన్నవాడి లావాదేవీ శాశ్వతం, భూమి కోల్పోయినవాడి ఫిర్యాదు తాత్కాలికం.

ఈ తేడా ఇప్పుడు మరింత ప్రమాదకరంగా పరిణమించింది. అసైన్డు భూముల బదలాయింపును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, అసైన్‌మెంటు జరిగి ఇరవై ఏళ్లు దాటిన భూములపై మూల అసైనీలకు, వారి వారసులకు అమ్ముకునే హక్కు కల్పించారు. మూల అసైనీ ఎవరు? దానికి జవాబు చెప్పవలసింది అసైన్‌మెంటు దస్త్రమే. అది లేనిచోట, ఈనాడు సాగులో ఉన్నవాడి మాటే చెల్లుబాటు అవుతుంది.

సమాచార హక్కు చట్టం ఉంది కదా అనవచ్చు. 2005 నాటి ఆ చట్టంలోని 4(1)(ఎ) సెక్షను, ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను విషయసూచికతో క్రమబద్ధంగా ఉంచాలని ఆదేశిస్తుంది. దరఖాస్తుదారులు 30 రోజుల గడువునే గుర్తుంచుకుంటారు, ఈ సెక్షనును ఎవరూ పట్టించుకోరు. ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న జవాబు అక్కడి నుంచే పుడుతుంది. వెతికి చూడకుండా, బాధ్యత నిర్ణయించకుండా అలా చెప్పి తప్పించుకోవడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2013లో స్పష్టం చేసింది. ఇక 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం, రికార్డులను అక్రమంగా ధ్వంసం చేస్తే అయిదేళ్ల దాకా జైలుశిక్ష విధించవచ్చంటుంది. కానీ అది కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు పరిమితం. మన మండల కార్యాలయపు బీరువా దాని పరిధిలోకి రాదు.

అందుచేత మూడు పనులు తక్షణం జరగాలి. ఎస్సీ, ఎస్టీల భూమి, ఇళ్ల స్థలం, శ్మశానం, అత్యాచారాలకు సంబంధించిన ఏ అర్జీకీ ఎల్‌.డిస్‌. వేయరాదని ఉత్తర్వు ఇవ్వాలి. ఏ దస్త్రాలను ధ్వంసం చేయబోతున్నారో ఆ జాబితాను ముందుగా గ్రామసభలో చదివి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. రాష్ట్ర, మండల కార్యాలయాలన్నిటికీ వర్తించేలా రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కట్టుదిట్టమైన పబ్లిక్ రికార్డుల చట్టం ఉండాలి.

పోటీ పరీక్షలకు చదువుతున్న దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఒక మాట. రికార్డు గదికి బదిలీ అంటే శిక్ష అన్న భావన మా కార్యాలయాల్లో పాతుకుపోయింది. దుమ్ము, చెదలు, చీకటి నిజమే. పై ఆదాయం లేదన్నదీ నిజమే. కానీ మీ తాతల అర్జీలు ఆ ఎర్రగుడ్డ కట్టల్లోనే ఉన్నాయి. వాటి మీద ఏ అక్షరం పడాలో ప్రతిపాదించే కలం అక్కడే ఉంది. జూనియర్ అసిస్టెంటుగా చేరినా, ప్రజా సమాచార అధికారిగా కూర్చున్నా, ఆ కుర్చీని చిన్నచూపు చూడకండి. అడిగి మరీ ఆ గదికి వెళ్లండి.