తూటా తొడుగుకి ఎంత వేడి పట్టాలి?

తుపాకీ పేలగానే పక్కకి రాలిపడే ఇత్తడి తొడుగుని అమెరికాలో షూటర్లు చాలామంది పారేయరు. కడిగి, ఆరబెట్టి, కొత్త మందూ గుండూ పెట్టి మళ్లీ వాడుకుంటారు. దీన్ని రీలోడింగ్ అంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఈ అలవాటు ఉన్న చోట ఉంటున్న మనవాళ్లు మాత్రం ఒక విషయం బాగా తెలుసుకోవాలి: ఆరబెట్టడానికి పట్టే వేడి వేరు, మెత్తబరచడానికి పట్టే వేడి వేరు. ఈ రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎంత ప్రమాదమో ముందు చూద్దాం. మన వంటింటి కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్లు. వేటగాళ్లు ఎక్కువగా వాడే .308 వించెస్టర్ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 62,000 పౌండ్లు. అంటే కుక్కర్ కంటే నాలుగు వేల రెట్లకు పైనే. ఆ క్షణంలో తొడుగు అడుగుభాగం మెత్తగా ఉంటే ఇత్తడి చీలి, మండే వాయువు షూటర్ ముఖం వైపు ఎగదన్నుతుంది.

అలాంటప్పుడు మెత్తబరచడం ఎందుకు? తూటాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. దాన్ని వంచినకొద్దీ గట్టిపడుతుంది. పేలిన ప్రతిసారీ తొడుగు మెడ ఉబ్బుతుంది, పరికరంలో పెట్టి మళ్లీ నొక్కుతాం. ఇలా కొన్నిసార్లు జరిగాక మెడ పెళుసుబారి నిలువునా చీలుతుంది. మన కంచరివాళ్లు చెంబుని సుత్తితో కొట్టి, అది గట్టిపడగానే నిప్పుల్లో కాల్చి, మళ్లీ కొట్టేది ఇందుకే. దీనికే అనీలింగ్ అని పేరు, అంటే కాల్చి మెత్తబరచడం. తూటా తొడుగుకి మెడ ఒక్కటే మెత్తబడాలి. అడుగు గట్టిగానే ఉండాలి.

ముందు ఆరబెట్టే సంగతి. కడిగిన తొడుగులో ఒక్క చుక్క నీరు మిగిలితే ఏమవుతుంది? చుక్క అంటే గ్రాములో ఇరవయ్యో వంతు. అది మందుకి తగిలితే మందు సరిగా అంటుకోకపోవచ్చు, గుండు గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. అది గమనించక రెండోసారి పేలిస్తే గొట్టమే పగులుతుంది. అందుకే ఆరిందని చూసి అనుకోవడం చాలదు, తూచండి. 50 తొడుగులు సుమారు 550 గ్రాములు ఉంటాయి. ఒకసారి తూచి, ఇంకో గంట ఆరబెట్టి మళ్లీ తూచండి. బరువు తగ్గిందంటే లోపల ఇంకా నీరు ఉందన్నమాటే. వంటింటి త్రాసు గ్రాము తేడానే చూపిస్తుంది, అంటే 20 చుక్కలు. గ్రాములో పదోవంతు చూపే త్రాసైతే రెండు చుక్కల్ని కూడా పట్టేస్తుంది.

ఆరబెట్టడానికి 80, 90 డిగ్రీల సెల్సియస్ చాలు. ఆ వేడికి ఇత్తడి గట్టిదనం ఏమీ తగ్గదు. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా లోపలి బిగువు సడలుతుందే తప్ప లోహం పెద్దగా మెత్తబడదు. కానీ వంట చేసుకునే ఓవెన్ మాత్రం వద్దు. ప్రైమర్, అంటే మందుకి నిప్పంటించే చిన్న మూత, పేలినప్పుడు సీసం మసి వదులుతుంది. పిల్లల ఒంట్లోకి సీసం ఎంత కొద్దిగా చేరినా మంచిది కాదు. ఆరబెట్టే పెట్టె, పళ్లెం, చేతి తొడుగులు ఈ పనికే విడిగా ఉంచండి.

ఓవెన్ వేడి ఇంకా పెంచి, ఆరబెట్టడం, మెత్తబరచడం ఒకేసారి కానిచ్చేయవచ్చు కదా అని కొందరికి అనిపిస్తుంది. అది కుదరదు. ఇంటి ఓవెన్ మామూలుగా 260, 290 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఆ వేడికి మెడ సరిగా మెత్తబడదు. తనను తాను శుభ్రం చేసుకునే ఓవెన్లు 480 దాకా వెళ్తాయి, అక్కడ మెడతోపాటు అడుగూ మెత్తబడి తొడుగు ప్రమాదకరంగా మారుతుంది. తొడుగు మొత్తాన్ని ఒకే వేడిలో పెట్టే ఏ పద్ధతీ ఈ పనికి పనికిరాదని నేను గట్టిగా చెబుతాను.

సరైన పద్ధతిలో, ప్రైమర్ తీసేసిన ఖాళీ తొడుగు మెడకే గ్యాస్ టార్చ్ మంట చూపించి, తొడుగుని తిప్పుతూ కొన్ని సెకన్లలో ముగిస్తారు. ఆ తొందర ఎందుకో వంటింట్లోనే తెలుస్తుంది. మరిగే పులుసులో ఇత్తడి గరిటె వదిలేస్తే కాసేపటికే పిడి చురుక్కుమంటుంది, స్టీలు గరిటె అంత త్వరగా కాలదు. ఇత్తడి స్టెయిన్‌లెస్ స్టీలు కంటే దాదాపు ఏడు రెట్లు త్వరగా వేడిని పాకిస్తుంది. .308 తొడుగు పొడవు 51 మిల్లీమీటర్లే, మెడలో పుట్టిన వేడి అడుగుకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే నిర్ణీత వేడికి కరిగే రంగులు వాడతారు. 250 డిగ్రీలకి కరిగే రంగుతో తొడుగు నడుం కింద ఒక గీత గీస్తారు. ఆ గీత కరగకూడదు, కరిగిందంటే వేడి 250 దాటి ఎంతదాకా వెళ్లిందో చెప్పలేం.

మెడ ఎర్రబడేదాకా కాల్చాలా? వద్దు. లోహం కటిక చీకట్లో మసక ఎరుపుగా కనిపించడం 525 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పట్టపగటి వెలుగులో ఎరుపు కనిపించిందంటే వేడి అంతకు చాలా పైకి వెళ్లిపోయిందన్నమాట. గదిలో వెలుతురు తగ్గించుకుని, ఎరుపు తొంగిచూడగానే మంట పక్కకి తీయండి. కిటికీలు తెరిచే ఉంచండి, మితిమీరి కాలిన ఇత్తడి నుంచి తుత్తునాగం పొగ వస్తుంది.

కాల్చాక నీళ్లలో వేస్తే గట్టిపడుతుందని భయపడనక్కర్లేదు. అలా గట్టిపడేది కొడవలి ఉక్కు. ఇత్తడికి నీళ్లు వేడి పాకకుండా ఆపుతాయి, అంతే. ఆ తర్వాత మళ్లీ ఆరబెట్టుకోవాలి.

లోహంలోని బిగువు ఎంత పని చేస్తుందో మన దేశమే ఒకప్పుడు చూసింది. బ్రిటిష్ పాలనలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు ఎవరూ ముట్టుకోకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలోని తేమ, ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిన బిగువు కలిసి ఆ పని చేశాయని 1921లో తేల్చారు. సైన్యం తూటాల మెడ మీద నీలి ఛాయ కనిపించడం చూసే ఉంటారు, అది కాల్చి బిగువు సడలించిన గుర్తు. కాబట్టి అమ్మోనియా కలిసిన ఏ పాలిష్‌తోనూ తొడుగుల్ని తోమకండి.

ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో తొడుగుల మీద 250 గీత కరుగుతుంది. వాటిని ప్లయర్‌తో నొక్కి చదును చేసి పాత ఇత్తడిలో వేయండి. మెత్తబడిన అడుగుని వేడి చేసి తిరిగి గట్టిపరచే దారి లేదు.