తుంగభద్రపై పుట్టిరేవులు

తుంగభద్రానది బళ్లారి సీమకు ఉత్తరపుటెల్ల. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేయుటతో దక్షిణపు గట్టు ఒక ప్రభుత్వమునకును, ఉత్తరపు గట్టు మరియొక ప్రభుత్వమునకును చెందినవి. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరువరకు ఈ స్థితియే సాగెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకా లాంధ్రమునకును, తక్కిన జిల్లా మైసూరునకును పోయెను. 1956లో రాయచూరు సయితము మైసూరులో కలియుటచే రెండు గట్లును ఒకే రాష్ట్రమున పడెను. హంపీ ప్రాంతము 2021లో బళ్లారినుండి విడివడి విజయనగర జిల్లాలో చేరెను. ఎల్ల లిన్ని మారులు కదలినను, ఆవలి గట్టునందలి సంతకును, గుడికిని, చుట్టముల యింటికిని పోవలసిన మనుష్యుని యవసరము మాత్రము కదలలేదు. ఆ యవసరమును తీర్చినది పుట్టి. దీనినే హరిగోలు, అరిగోలు అనియు నందురు. పుట్టి యింతకాల మేల నిలిచినది, నేడేల వెనుకబడినది, దానినుండి మనము నిలుపుకొనవలసిన దేమి అను విషయము లిచట విచారింపబడుచున్నవి.

ఈ రేవులలో ప్రసిద్ధమైనది హంపీవైపు తలారిఘట్టమునకును, ఆవలి యొడ్డున ఆనెగొందికిని నడుమ నున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ దీనిని వర్ణించెను. ఆతని వ్రాతను రాబర్టు సూయెల్ 1900లో ఆంగ్లమున ప్రకటించెను. గంపవలె గుండ్రనై, లోపల బెత్తముతో నల్లబడి, వెలుపల తోలు కప్పబడిన పడవలలో పదునైదు ఇరువదిమంది దాటుచుండిరనియు, అవసరమైనచో గుఱ్ఱములను, ఎద్దులనుగూడ దాటింపవచ్చుననియు, అయినను పశువులు తరచుగా ఈదియే పోవుననియు అందు కలదు. ఆ పడవలు తిన్నగా పోక గిరగిర తిరుగుచుండుటయు ఆతడు గమనించెను. విఠలాలయమునకు చేరువను నదిలో శిలాస్తంభముల వరుస నేటికిని కనబడును. అది యొకప్పటి వంతెన శిథిలము. కావున వంతెన కట్ట నేరక జనులు పుట్టిని పట్టుకొనిరనుట సరికాదు. వంతెన పోయెను, పుట్టి మిగిలెను.

ఇందుకు కారణము నది పడకయే. ఇచట తుంగభద్ర పెద్ద నల్లరాతి గుండ్ల నడుమ పాయలై పాఱును. ఒకచోట లోతు, మరియొకచోట నీటిక్రిందనే బండ. వెన్నుదూలము గల పొడవు పడవ బండకు తగిలిన చీలిపోవును. పుట్టికి వెన్నుదూలము లేదు, అడుగు బల్లపరుపు, కొలది నీటిలోనే తేలును. వెదురుబద్దల యల్లిక వంగునుగాని విఱుగదు. బండకు తగిలినచో ప్రక్కకు తిరిగి తప్పుకొనును. పాయెస్ వింతగా చెప్పిన గిరగిర తిరుగుటయే ఈ నదిలో దానికి రక్ష.

పుట్టి వ్యాసము సామాన్యముగా ఆరు మొదలు పది యడుగులు. వెదురుబద్దలను అడ్డముగా నిలువుగా అల్లి, అంచును దట్టముగా కట్టుదురు. పూర్వము పచ్చితోలు కుట్టి కప్పెడివారు. తోలు నిరంతరము నానిన క్రుళ్లును గనుక పని ముగియగానే పుట్టిని ఒడ్డున బోర్లించి ఆరబెట్టుట తప్పనిసరి. పిదప తోలునకు బదులు గోనెగుడ్డ, తారు, ప్లాస్టిక్ పట్టా వచ్చెను. చిన్న పుట్టిని ఒక్కడే వీపున తాబేటి చిప్పవలె మోసికొనిపోగలడు.

ఈ మోయుటలోనే వృత్తి రహస్య మున్నది. పుట్టి ప్రవాహమున కెదురుపోలేదు. అడ్డముగా పోవుచునే క్రిందికి కొట్టుకొనిపోవును. కావున పుట్టివాడు దిగవలసిన చోటును ముందుగా నిశ్చయించుకొని, నీటి వడి ననుసరించి అంతకు పైనుండి బయలుదేరును. ఒకే తెడ్డుతో ముందరి నీటిని తనవైపు లాగుచు పుట్టిని నడుపును. ఆవలి గట్టు చేరిన పిమ్మట మరల పైకి మోసికొనిపోయి తిరుగు ప్రయాణము సాగించును. బరువు నడుమను, జనులు చుట్టును సమముగా కూర్చుండవలెను. ఒకడు లేచి నిలిచినను పుట్టి యొరగును.

బళ్లారి మద్రాసు రాజధానిలో నున్నకాలమున 1890 నాటి కాలువలు, ప్రభుత్వ రేవుల చట్టము అమలులో నుండెను. ప్రభుత్వము రేవును ప్రకటించి, దాటుకూలిని నిర్ణయించి, రేవును గుత్తకిచ్చుట కిందు వీలుండెను. ఈ పద్ధతిలో గుత్తేదారు చెల్లించు పైకము నిశ్చితము. తెడ్డు వేయువాని రాబడి మాత్రము ఏటి నీటిపై ఆధారపడియుండును.

మోటారు యుగమున పుట్టి హద్దు తేటపడెను. అది సైకిలును దాటించెను, మోటారు సైకిలును సయితము దాటించెను, కారును దాటింపలేకపోయెను. కృష్ణానదిపై బల్లకట్టులు కార్లను, లారీలను మోయును. గోదావరిపై నర్సాపురమువద్ద పంటు నడచినది. అచటి నీరు లోతు, వెడల్పు. ఇచటి గుండ్ల నడుమ బల్లకట్టునకు దారి లేదు. కావున వాహనములు కంప్లి వైపుననో, హోసపేట వైపుననో చుట్టి పోవలసివచ్చెను.

ఇంతలో నది స్వభావమే మారెను. హంపీకి ఎగువను 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు కలిసి ఆరంభించిన తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియయ్యెను. పూర్వము పుట్టివాడు నీటి రంగును, నురుగును, కొట్టుకొనివచ్చు చెత్తను జూచి రాబోవు వరదను గుర్తించెడివాడు. ఆనకట్ట పిదప నీటి రాక ముప్పదిమూడు ద్వారముల నెప్పు డెత్తుదురో అను వార్తపై ఆధారపడెను. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి పందొమ్మిదవ ద్వారము గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు దిగువ ప్రాంతములవారి నందఱిని హెచ్చరింపవలసివచ్చెను.

ఆనెగొందికి వంతెన కట్టు యత్నము మరియొక చిక్కును తెచ్చెను. హంపీ 1986లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. క్షేత్రమధ్యమున వంతెనలు కట్టుటను బట్టి 1999లో అది ప్రమాదమున నున్న స్థలముల పట్టికలో చేరి, 2006లో బయటపడెను. 2009 జనవరిలో తలారిఘట్టమువద్ద నిర్మాణమందున్న వంతెన కూలి పనివారు మరణించిరి. పిమ్మట క్షేత్రమధ్యమును విడిచి, బుక్కసాగరము, కడెబాగిలు నడుమ వంతెన వచ్చెను. రోగిని, ధాన్యమును, బడిపిల్లలను దాటించుటకు వంతెనయే మేలనుటలో సందేహము లేదు. దానితో రేవు జీవనము సన్నగిల్లినది. నేడు పుట్టి హెచ్చుగా యాత్రికుల విహారమునకే మిగిలినది.

అయినను వంతెన యొక్కటియే సమస్తమును తీర్పలేదు. ఆనకట్టనుండి నీరు విశేషముగా విడిచినప్పుడు కంప్లి, గంగావతి నడుమనున్న వంతెనయే మునుగును. 2019 ఆగస్టు వరదలో విరూపాపురగడ్డయందు చిక్కిన యాత్రికులను మరపడవలతోను, హెలికాప్టరుతోను తరలింపవలసివచ్చెను. అట్టి వరదలో పుట్టి సాగదు. అది మొదట తెలిసికొనువాడు పుట్టివాడే. పుట్టిని నడుపుట అతని విద్యలో సగము; ఏ నీటిలో నడుపరాదో తెలియుట తక్కిన సగము. విహారపు కూలికై అధికముగా జనులను ఎక్కించుకొనినచో మొదట నశించునది ఈ రెండవ సగమే. పుట్టికి పట్టదగిన జనసంఖ్యను నియమించుట, తేలు చొక్కాల నిచ్చుట, నీటి విడుదల వార్తను రేవునకు ముందుగా చేర్చుట, అనుభవజ్ఞుడు వలదన్న దినమున రేవును మూయుట — ఇవి వ్యయసాధ్యములు కావు. పుట్టిని వస్తుప్రదర్శనశాలలో నుంచుట సులభము. నదిని చదువగల మనుష్యుని రేవున నిలుపుకొనుటయే అవసరము.