రెండవసారి చదవవలసిన ‘వనవాసి’

మంచి నవలను తెలిసీ తెలియని వయసులో చదివితే ఒక నష్టమున్నది: దానిని చదివేశామనుకుంటాము. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1939లో వెలువరించిన బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ అటువంటిది. సూరంపూడి సీతారాం అనువాదంలో తెలుగువారికిది ‘వనవాసి’. పెద్దలకు ఏదైనా ఒక్క పుస్తకం చెప్పుమంటే నేను దీనినే చెబుతాను.

కథ స్వల్పం. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ అనే పట్టభద్రుడు బీహారులోని ఒక అడవి ఎస్టేటుకు మేనేజరుగా వెళతాడు. తొలుత ఆ ఏకాంతాన్ని భరించలేడు; క్రమంగా అడవి వెన్నెలకు దాసుడవుతాడు. ఇరవయ్యేళ్ళ పాఠకునికి ఆ వెన్నెల చాలు.

కాని అతని ఉద్యోగమేమిటి? ఆ అడవిని ముక్కలుచేసి రైతులకు కౌలుకివ్వడం. ప్రేమించినదానిని తన సంతకంతోనే నరికిస్తాడు. దుష్టుడు కాడు, జీతగాడు. పోనీ, అడవిని అలాగే ఉంచవలెనందామా? ఆ ప్రాంతపు బీదలకు వరి అన్నమే విందు. వారికి భూమి వద్దనగలమా? పదేళ్ళు కొలువు చేసినవారికి ఈ చిక్కు వేరే చెప్పనక్కరలేదు. రచయిత స్వయంగా 1920లలో భాగల్పూరు ప్రాంతంలో ఇటువంటి పనే చేశాడు. అందువల్లనే కాబోలు, ఎవరినీ తేలికగా నిందించడు.

ఇందులో యుగళప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడినుంచో పూలమొక్కల విత్తనాలు తెచ్చి, తనది కాని అడవిలో, సరస్వతీ కుండమనే సరస్సు ఒడ్డున నాటుతుంటాడు. లాభమేమీ లేదు. మేనేజరు అతనికి తోడ్పడుతూ, ఆ ఒక్క భాగం పంపకాన్ని వాయిదా వేస్తూ వస్తాడు. ఆ సరస్సు దగ్గరి పుటలను మాత్రం తొందరపడి తిప్పవద్దని మనవి.