కన్నులారఁ జూచినవారి బాధ

2022వ సంవత్సరమున మన దేశమున రహదారి ప్రమాదములందు 1,68,491 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ ఘోరములను దారిప్రక్కనుండి చూచినవారి లెక్క యెచ్చటను లేదు. వారి దేహమునకు గాయము లేకున్నను మనసునకుఁ గలదు. అట్టివారినిగూర్చి మేమిందు వ్రాయుచున్నారము.

ఘోరమును జూచినప్పుడు అపాయము తనకే కలిగినట్లు గుండె వడిగాఁ గొట్టుకొనును, చేతులు వణఁకును. పిమ్మటఁ గొన్నిదినములు నిద్ర పట్టదు. ఆ దృశ్యమే కన్నులకుఁ గట్టును. మోటారుమ్రోఁత విన్నంతనే యులికిపాటు కలుగును. చిన్నపిల్లలు కొందఱు ఆ ప్రమాదమునే మరలమరల ఆటగా నాడుదురు. దీనిని బిఱికితన మనరాదు. పెక్కుమందికిఁ గొలఁదివారములలో నుపశమించును. మాసము దాఁటియుఁ దగ్గనిచో వైద్యునికిఁ జూపవలెను. అమెరికా మనోవైద్యసంఘమువారు 1980లోనే యిట్టి స్థితిని వ్యాధిగా గుర్తించిరి.

తలిదండ్రులారా! మఱచిపొమ్మని బిడ్డ నోరు మూయింపకుఁడు, బలవంతముగాఁ జెప్పింపకుఁడు. చెప్పఁగోరినప్పుడు ఓపికతో వినుఁడు. వేళకు భోజనము, నిద్ర, చదువు సాగునట్లు చూడుఁడు.

విద్యార్థులారా! ప్రమాదమును జూచినచో సురక్షితస్థలమున నిలిచి, పెద్దలను బిలిచి, 108కి గాని 112కు గాని టెలిఫోను చేయుఁడు. సదుద్దేశముతోఁ దోడ్పడినవారికి 2019వ సంవత్సరపు మోటారు వాహనముల సవరణచట్టము రక్షణ నొసఁగినది. చేతనైన సాయము చేసితిమను తలఁపు పిదప మనసునకుఁ గొంత యూఱట నిచ్చునని మా నమ్మకము.