ప్రైమ్95 పాస్, 7-జిప్ ఫెయిల్: ధర్మవరంలో ఒక పీసీ కథ

"ప్రాసెసర్ పోయిందంట అల్లుడూ, కొత్తది పన్నెండు వేలంటాండారు" అని ధర్మవరం నుంచి మామయ్య ఫోన్. ఆయన పట్టుచీరలకు జాకార్డ్ డిజైన్లు కంప్యూటర్లో గీస్తారు. పది రోజులుగా జిప్ ఫైళ్లు ఒక్కోసారి తెరుచుకోవడం లేదు, సీఆర్‌సీ ఎర్రర్ వస్తోంది. అదే ఫైల్ మళ్లీ నొక్కితే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఇంకోసారి నొక్కొచ్చు. కానీ డిజైన్‌లో రెండు గళ్లు తప్పుగా సేవ్ అయ్యి మగ్గం మీదికి పోతే? ఆ పట్టు ఖరీదు ఎవరిస్తారు?

ఆదివారం హిందూపురంలో రైలెక్కా. పీసీలో ఉన్నది కోర్ ఐ5-12400, బాక్స్‌లో వచ్చిన కూలర్, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు. కేబినెట్ తెరిస్తే హీట్‌సింక్ నిండా దుమ్ము, దాంతో పాటు పట్టు నూగు. శుభ్రం చేయకుండానే పెళ్లి వీడియో ఒకటి హ్యాండ్‌బ్రేక్‌లో ఎక్స్265కి పెట్టి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేశా. కాసేపటికే 100 డిగ్రీలు, క్లాక్ స్పీడ్ పడిపోయింది. భయపడకండి, ఈ చిప్ లిమిటే అది. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోడానికి స్లో అవుతుంది. బ్రష్‌తో దులిపాక అదే వీడియోకి 80 దాటలేదు.

తర్వాత ప్రైమ్95, స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ, గంటసేపు. ఒక్క ఎర్రర్ లేదు. మామయ్య హ్యాపీ. వెంటనే ఒక జిప్ తెరిచారు, మళ్లీ సీఆర్‌సీ!

చాలామంది పొరబడేది ఇక్కడే. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ డేటా దాదాపుగా క్యాష్‌లోనే తిరుగుతుంది. కోర్లను ఉడికిస్తుంది గానీ ర్యామ్‌ను పెద్దగా ముట్టుకోదు. అందరి పీసీల్లో ఉండే 7-జిప్ మాత్రం అలా కాదు. దాని టూల్స్ మెనూలోని బెంచ్‌మార్క్ డేటాను కుదిస్తుంది, మళ్లీ విప్పుతుంది, సరిపోయిందా అని చూస్తుంది. ర్యామ్ కూడా బాగా వాడుతుంది. ఒక్క బిట్ మారినా దొరికిపోతుంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌ల గొడవ గుర్తుందా? అక్కడ కూడా గేములు షేడర్లు కంపైల్ చేసేటప్పుడు, ఫైళ్లు డీకంప్రెస్ చేసేటప్పుడే క్రాష్ అయ్యేవి. మామయ్యది 12వ తరం, ఆ జాబితాలో లేదు.

డిక్షనరీ 32 ఎంబీ, థ్రెడ్లు 12 పెట్టి వదిలేశా. టీ తాగి వచ్చేసరికి ఎర్రర్ వచ్చి ఆగిపోయి ఉంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా అంతే. ఇక ఒక్కో స్టిక్ విడిగా పెట్టి నడిపా. మొదటిది క్లీన్, రెండోదానికి ఎర్రర్. స్లాట్ మార్చినా ఎర్రర్ దాని వెంటే వచ్చింది. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 పెడితే తెల్లారేసరికి స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. పాపం ప్రాసెసర్ ఏ తప్పూ చేయలేదు!

మరుసటి ఆదివారం దారిలో పెనుకొండలో దిగి, ఫ్రెండ్ దగ్గర ఊరికే పడున్న 8 జీబీ స్టిక్ తీసుకుని వెళ్లా. 7-జిప్ రెండు గంటలు నడిచింది, పక్కన క్రోమ్‌లో ముప్పై ట్యాబ్‌లు, యూట్యూబ్ కూడా. ఎర్రర్ లేదు. పన్నెండు వేలు మిగిలాయి, ఫ్రెండ్‌కి బిర్యానీ బాకీ.

ఆ పది రోజుల్లో సేవ్ చేసిన డిజైన్లన్నీ మామయ్య ఇప్పుడు ఒక్కొక్కటీ తెరిచి, గడి గడి పాతవాటితో పోల్చి చూస్తున్నారు. నిన్నటికి రెండు చెడిపోయినవి దొరికాయి. అదృష్టం, రెండూ ఇంకా మగ్గం ఎక్కలేదు.