సముద్రం గట్టు ఎక్కడ? తీర నిబంధనల్లో కొన్ని మాటలకు అర్థాలు

ఇక్కడికి రాకముందు కొన్నేళ్ళు లేఅవుట్ మ్యాపులు గీసే పనిలో ఉన్నాను కనక, మనవాళ్ళు తరచుగా ఫోన్ చేసి ఒక ప్రశ్న అడుగుతుంటారు. "భీమిలి వైపు స్థలం చూశామండీ, మేడ మీంచి సముద్రం కనిపిస్తుందట, రిజిస్ట్రేషన్ కూడా అవుతుందట, కొనవచ్చా?" అని. రిజిస్ట్రేషన్ అవడం వేరు, అక్కడ ఇల్లు కట్టుకోనివ్వడం వేరు. ఆ రెండోదాన్ని తేల్చేది సి.ఆర్.జెడ్., అంటే తీర ప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం వీటిని మొదట 1991లో తెచ్చింది. 2011లో ఒకసారి, 2019లో మరోసారి తిరగరాసింది. అందులో నాలుగైదు మాటలు అర్థమైతే చాలు, సగం మోసాలు మన దగ్గరికి రావు.

మొదటిది పోటు గీత. ఆటు, పోటు మనకి తెలిసినవే. పౌర్ణమికి, అమావాస్యకి వచ్చే పెద్దపోటులో నీరు నేలమీద ఎంతవరకు ఎక్కుతుందో ఆ గీతే పోటు గీత. దీన్ని చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం గుర్తిస్తుంది. కొలతలన్నీ ఇక్కడి నుంచే. స్థలం అమ్మేవాళ్ళు ఆటు సమయంలో తీసుకెళ్ళి, నీటి అంచు నుంచి టేపు పట్టి "230 మీటర్లు ఉందండీ" అంటారు. అదే స్థలం పోటు గీత నుంచి 170 మీటర్లే కావచ్చు. ఆ 60 మీటర్ల తేడాలోనే మీ ఇల్లు ఉంటుందో ఉండదో తేలుతుంది.

రెండోది, మండలి హద్దు. సముద్రం ఒడ్డున పోటు గీత నుంచి లోపలికి 500 మీటర్లు దీని కిందకి వస్తుంది. ఉప్పుటేర్ల పక్కన లెక్క వేరు. 2019 ప్రకారం 50 మీటర్లు లేదా ఏటి వెడల్పు, రెండిట్లో ఏది తక్కువైతే అది. 2011లో ఆ 50 బదులు 100 ఉండేది. 30 మీటర్ల ఏరైతే రెండు లెక్కల్లోనూ 30 మీటర్లే. 80 మీటర్ల ఏరైతే పాత లెక్కలో 80, కొత్త లెక్కలో 50. ఏటిలో ఎంత దూరం వరకు సముద్రం కిందే లెక్క అంటే, బాగా ఎండిపోయే కాలంలో నీటి ఉప్పదనం వెయ్యికి 5 పాళ్ళు ఉన్నంత వరకు.

మూడోది తరగతులు. ఒకటో తరగతిలో మడ అడవులు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక దిబ్బలు, ఆటుపోట్ల మధ్య నేల ఉంటాయి. కోరంగి మడ అడవులు చూసినవాళ్ళకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. రెండోది రోడ్లు, డ్రైనేజీ, నీటి సరఫరా ఉండి, సగానికి పైగా ప్లాట్లలో ఇళ్ళు లేచిన పట్టణ భాగం. అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకి గానీ, అనుమతితో కట్టిన కట్టడాలకి గానీ ఊరి వైపున మాత్రమే కట్టనిస్తారు, సముద్రం వైపున కాదు. మూడోది పల్లెలు. నాలుగోది నీరు: ఆటు గీత నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా సముద్రం, పోటు ఎక్కే ఏరులు.

మనవాళ్ళకి తగాదా వచ్చేది మూడో తరగతిలోనే. అక్కడ "నిర్మాణ నిషిద్ధ ప్రాంతం" అని ఒకటుంది. 2011 ప్రకారం అది పోటు గీత నుంచి 200 మీటర్లు. 2019లో దీన్ని రెండు చేశారు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మందికి మించి ఉన్న ఊళ్ళలో 50 మీటర్లు, తక్కినచోట్ల 200 మీటర్లే. అయితే 2019 నిబంధనల ప్రకారం తీర ప్రణాళిక తయారై ఆమోదం పొందేదాకా ఆ ప్రాంతానికి 2011 నాటివే వర్తిస్తాయి. పోటు గీతకి 120 మీటర్ల దూరంలో ఉన్న ఒకే స్థలం ఒక ఊళ్ళో నిషిద్ధం, ఇంకో ఊళ్ళో కాదు. కాకపోతే రెండూ 500 మీటర్ల లోపలివే కనక అనుమతి మాత్రం ఎక్కడైనా కావాలి.

ఈ నిషేధం అందరిమీదా ఒకేలా పడదు. తరతరాలుగా తీరాన్ని నమ్ముకున్న మత్స్యకారుల ఇళ్ళకి నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది. అది వాళ్ళ బతుకు కోసం ఇచ్చింది. వాళ్ళ పేరుమీద కాగితాలు పుట్టించి మన గెస్ట్‌హౌస్ కట్టిపెడతామని ఎవరైనా అంటే, దణ్ణం పెట్టి వచ్చేయండి.

మరి ఏం అడగాలి? సర్వే నంబరు తీసుకుని, ఊళ్ళ స్థాయి తీర ప్రణాళిక మ్యాపులో ఆ నంబరు ఎక్కడ పడిందో చూపించమనండి. బ్రోచరులో బొమ్మ చాలదు. పోటు గీత నుంచి దూరం ఎంత, తరగతి ఏది, ఆ ప్రాంతానికి 2011 నిబంధనలా 2019వా, ఈ మూడింటికీ రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ నుంచి గానీ, అనుమతులిచ్చే పట్టణాభివృద్ధి సంస్థ నుంచి గానీ రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఇంకో మాట. విదేశాల్లో ఉండే మనం వ్యవసాయ భూమి వారసత్వంగా పొందవచ్చు గానీ మామూలుగా కొనడానికి లేదు. కాబట్టి ఆ భూమి ఇళ్ళ స్థలంగా మారిందా అన్నది కూడా అడగండి.

ఊళ్ళో నాన్నగారినో బావగారినో ఈ పనికి పంపేముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి పంపండి. అడ్వాన్సు ఇచ్చేది ఆ జవాబులు చేతికొచ్చిన తరవాతే. సెలవు.